పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఆపత్కాలంలో తపాలాకు ప్రజాధనం

ప్రశ్న: కరోనా ఏడాది అమెరికా తపాలా సంస్థ చేతిలో డబ్బు అయిపోయే స్థితికి వచ్చిందని, దాన్ని ప్రభుత్వం ఆదుకోవాలా వద్దా అని పెద్ద వాదన నడిచిందని అక్కడ ఉంటున్న మా అమ్మాయి చెప్పింది. అంత సంపన్న దేశంలో పోస్టాఫీసుకు ఆ గతి ఎందుకు పట్టింది? మన పోస్టాఫీసులకు అలాంటి ఇబ్బంది ఎందుకు రాలేదు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: అమెరికా తపాలా సంస్థ ప్రభుత్వానిదే అయినా ఖజానా మీద ఆధారపడి నడిచేది కాదు. 1970లో చేసిన చట్టం ప్రకారం, 1971 నుంచి అది స్వతంత్ర సంస్థగా మారి, క్రమంగా తన ఖర్చులను స్టాంపుల అమ్మకం, పార్సిళ్ల రుసుముల ద్వారానే రాబట్టుకుంటోంది. అదే సమయంలో, అలాస్కాలోని మారుమూల పల్లె అయినా, న్యూయార్కులోని అపార్టుమెంటు అయినా, మామూలు ఉత్తరాన్ని ఒకే ధరకు చేర్చవలసిన బాధ్యత కూడా దాని మీద ఉంది. బాధ్యతను చట్టం పెట్టింది గాని, అందుకయ్యే ఖర్చును ఉత్తరాలు రాసేవారికి వదిలేసింది. ఉత్తరాలు దండిగా ఉన్నంతకాలం ఈ ఏర్పాటు సాగింది. ఈమెయిలు వచ్చాక సాగలేదు. దానికి తోడు 2006లో మరో చట్టం వచ్చి, ఉద్యోగులు రిటైరయ్యాక అయ్యే వైద్య ఖర్చుల కోసం పదేళ్లపాటు ఏటా సుమారు 550 కోట్ల డాలర్లు ముందుగానే జమ చేయాలని ఆదేశించింది. చాలా ప్రభుత్వ విభాగాల మీద లేని ఈ భారాన్ని సంస్థ మోయలేక 2012 నుంచి ఆ చెల్లింపులు ఆపివేసింది. కాబట్టి పత్రికల్లో కనిపించిన నష్టంలో పెద్ద భాగం పోస్ట్‌మ్యాన్ పనితీరు వల్ల వచ్చింది కాదు, చట్టం రాసిన తీరు వల్ల వచ్చింది.

ఈ స్థితిలో ఉండగా కరోనా వచ్చింది. వ్యాపార సంస్థల ఉత్తరాలు, ప్రకటనల తపాలా ఒక్కసారిగా పడిపోయాయి. 2020 ఏప్రిల్‌లో సంస్థ అప్పటి అధిపతి, పోస్టుమాస్టర్ జనరల్ మేగన్ బ్రెనన్ ఆ ఏడాది 1,300 కోట్ల డాలర్ల ఆదాయం తగ్గవచ్చని, గ్రాంట్లు, అప్పులు అన్నీ కలిపి 7,500 కోట్ల డాలర్ల వరకు అవసరమని చట్టసభ సంఘానికి తెలిపారు. అంతకు కొన్ని వారాల ముందే, మార్చి 27న, సుమారు 2 లక్షల కోట్ల డాలర్ల సహాయ చట్టం అమలులోకి వచ్చింది. అందులో విమాన సంస్థల జీతాలకు గ్రాంట్లు దొరికాయి గాని, తపాలాకు దక్కింది 1,000 కోట్ల డాలర్ల అప్పు తీసుకునే అనుమతి మాత్రమే. ఆ అప్పుకైనా షరతుల మీద బేరం సాగి, జులై చివరికి గాని ఒప్పందం కుదరలేదు. పార్సిళ్ల ధరలు పెంచనిదే సాయానికి సంతకం చేయనని అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించారు. ప్రతినిధుల సభ 2,500 కోట్ల డాలర్ల సాయాన్ని ఆమోదించినా అది చట్టం కాలేదు. చివరకు డిసెంబరులో వచ్చిన మరో చట్టం ఆ 1,000 కోట్లను తిరిగి చెల్లించనక్కరలేదని తేల్చింది. ముందస్తు జమ నిబంధన 2022 ఏప్రిల్‌లో గాని రద్దు కాలేదు. పార్సిళ్లు విపరీతంగా పెరగడంతో ఆదాయం అనుకున్నంతగా పడిపోలేదన్న మాట నిజమే. అయినా అదృష్టం కలిసి రావడాన్ని విధానం అనలేం.

ఇక మన సంగతి. మన తపాలా స్వతంత్ర సంస్థ కాదు, కేంద్ర ప్రభుత్వంలో ఒక శాఖ. దానికి వచ్చే రాబడి నేరుగా ప్రభుత్వ ఖాతాలోకి వెళుతుంది, జీతాలు బడ్జెట్టులో ఆమోదించిన గ్రాంటు నుంచి వస్తాయి. అందువల్ల 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు పోస్టాఫీసు తెరిచి ఉంచడానికి ఎవరూ కొత్త చట్టం కోసం ఎదురుచూడవలసి రాలేదు. తపాలాను ప్రభుత్వ శాఖగా ఉంచడంలో ఎన్ని లోపాలున్నా, ఆపద వచ్చిన రోజున ఈ ఒక్క మేలు వాటన్నిటికంటే బరువైనదని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: తపాలా శాఖకు ఏటా వేల కోట్ల లోటు వస్తోందని చదువుతున్నాం. ఇప్పుడు ఊరూరికీ కొరియర్లు వచ్చాయి. ఆ లోటు పూడ్చే డబ్బును ఆసుపత్రులకు ఇస్తే రోగాల కాలంలో ఎక్కువ మేలు జరగదా?
– ఎరువుల వ్యాపారి, సింగరాయకొండ

జవాబు: మీ ప్రశ్న న్యాయమైనదే. అయితే లోటు అన్న మాటను కొంచెం విప్పి చూడాలి. పోస్టుకార్డు ధర 50 పైసలు. దాన్ని సింగరాయకొండలో వేస్తే అస్సాంలోని పల్లెకు చేర్చడానికి అయ్యే ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. ఆ ధరను నిర్ణయించింది తపాలా శాఖ లాభం కోసం కాదు, పేదవాడు కూడా ఉత్తరం రాయగలగాలని. లక్షన్నరకు పైగా ఉన్న పోస్టాఫీసుల్లో దాదాపు 90 శాతం పల్లెల్లోనే ఉన్నాయి. వాటిలో చాలా వాటికి వచ్చే ఆదాయం ఖర్చుకు చాలదని తెరిచిన నాడే తెలుసు. తెలిసి చేసిన ఖర్చుకు నష్టమని పేరు పెట్టి, ఆ పేరుతోనే శాఖను నిందించడం సరైన లెక్క కాదు.

కొరియర్ల విషయానికి వస్తే, లాక్‌డౌన్ తొలి వారాల్లో చాలా కొరియర్ సంస్థలు మామూలు బట్వాడాలు ఆపివేశాయి. వారిని తప్పుపట్టలేం, ఎందుకంటే ప్రతి ఇంటికీ వెళ్లి తీరాలన్న కట్టుబాటు వారికి లేదు. రాష్ట్రంలో తొలి కరోనా కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే నమోదయింది గనుక, ఆ రోజుల భయం ఎలాంటిదో ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. బస్సులు లేవు, బ్యాంకు ఉన్న ఊరికి పోవడానికి ఆటోలు లేవు. సరిగ్గా అప్పుడే కేంద్రం మహిళల జనధన్ ఖాతాల్లో నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు జమ చేసింది. ఖాతాలో పడిన డబ్బు చేతికి రావాలంటే ఎవరో ఒకరు ఊళ్లోకి నగదు తేవాలి. ఆధార్ వేలిముద్రతో ఏ బ్యాంకు ఖాతాలోని సొమ్మునైనా ఇంటి గుమ్మం దగ్గర ఇవ్వగల ఏర్పాటు పోస్ట్‌మ్యాన్ సంచిలో ఉంది. ఆ ఏర్పాటు రాత్రికి రాత్రి పుట్టింది కాదు. దాన్ని నడిపే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు 2018 సెప్టెంబరు 1న ప్రారంభమయింది. దాని కోసం కేంద్రం అంచనా వ్యయాన్ని అప్పటికే 800 కోట్ల నుంచి 1,435 కోట్ల రూపాయలకు పెంచింది. చెరువుకట్టకు మట్టి ఎండాకాలంలో పోసుకోవాలి గాని, వరద వచ్చిన రాత్రి పోయలేం కదా.

ఆసుపత్రికి, తపాలాకు పోటీ పెట్టడం కూడా నాకు సబబుగా తోచదు. కరోనా కాలంలో భారతీయ వైద్య పరిశోధన మండలి డిపోల నుంచి పరీక్షా కిట్లను ల్యాబులకు చేర్చిన పనిలో తపాలా శాఖ పాలుపంచుకుంది. మందుల పార్సిళ్లు మోసింది. అమెరికాలో 2022 జనవరి నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన కరోనా పరీక్షా కిట్లు ఇళ్లకు చేరింది తపాలా ద్వారానే. ఆసుపత్రికి రాలేని మనిషి దగ్గరకు ఆసుపత్రి సరుకును తీసుకుపోయేది ఈ వ్యవస్థే కాబట్టి, దానికిచ్చే డబ్బులో కొంత భాగాన్ని ఆరోగ్యం ఖర్చుగానే చూడాలి.

అయితే ప్రభుత్వం లోటును పూడ్చుతూ పోతే చాలదు. పల్లె పోస్టాఫీసు నడపడానికి, చవక పోస్టుకార్డుకు, విపత్తు సేవలకు ఎంత ఇస్తున్నదీ బడ్జెట్టులో విడివిడిగా చూపాలి. అప్పుడే ప్రజలు విధించిన బాధ్యతకు ఎంత పోతోందో, నిజమైన దుబారాకు ఎంత పోతోందో తేలుతుంది. దుబారా అసలే లేదని నేను అనను.

ప్రశ్న: లాక్‌డౌన్‌లో మా ఊరి బ్రాంచి పోస్టుమాస్టరు ఇంటింటికీ తిరిగి డబ్బులు ఇచ్చారు. ఆయన పూర్తి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కాదని ఈ మధ్యే తెలిసి ఆశ్చర్యపోయాను. ప్రభుత్వం ఇచ్చే నిధుల్లో ఆయన వరకు ఏమైనా వస్తుందా?
– గృహిణి, ఉదయగిరి మండలం

జవాబు: అమ్మా, మీరు విన్నది నిజం. మీ ఊరి పోస్టుమాస్టరు గ్రామీణ డాక్ సేవక్. వీరు సివిల్ పోస్టులో, అంటే ప్రభుత్వ కొలువులో, ఉన్నవారేనని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పినా, రెగ్యులర్ ఉద్యోగుల వేతన స్కేళ్లు, పెన్షన్ నియమాలు వీరికి వర్తించవు. రోజుకు నాలుగైదు గంటల పని అన్న లెక్క మీద భత్యం ఇస్తారు. 2018 మే, జూన్‌లలో దేశవ్యాప్తంగా సమ్మె చేశాక, బ్రాంచి పోస్టుమాస్టరు కనీస భత్యం నాలుగు గంటల పనికి 12,000 రూపాయలు, ఐదు గంటల పనికి 14,500 రూపాయలు అయింది. దాని మీద కరువు భత్యం ఉంటుంది. వ్యాధి భయం మధ్య ఊరంతా తిరిగి, ఒకే వేలిముద్ర యంత్రాన్ని అందరి చేతా తాకించి నగదు ఇచ్చిన పని ఈ గంటల లెక్కకు ఒదిగేది కాదు.

కరోనా విధుల్లో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షల రూపాయల పరిహారం ఇస్తామని 2020 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించి, డాక్ సేవకులను కూడా అందులో చేర్చింది. అది మంచి నిర్ణయం. కానీ అది చనిపోయినవారికి. బతికి పని చేసినవారికి అదనపు గంటల భత్యం, జబ్బు పడితే జీతంతో సెలవు, ఆ సెలవులో పని చూసే మనిషికి డబ్బు, కుటుంబమంతటికీ వైద్య సదుపాయం హక్కుగా ఉండాలి. తపాలాకు ఆపత్కాల నిధి అంటూ ఏర్పాటు చేస్తే, అందులో మొదటి పద్దు ఇదే కావాలి. యంత్రాలు, వాహనాలు, భవనాలు దాని తరువాతే.