బేర్‌బోన్ కిట్ చవకే, అందులో లేనివాటి లెక్క వేశారా?

కంప్యూటర్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరాడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే ఒక షాపులో ఆస్‌రాక్ డెస్క్‌మినీ ఎక్స్300 అనే చిన్న బేర్‌బోన్ కిట్ చూపించారు. పాత స్టాకు కాబట్టి బాగా తగ్గించి ఇస్తామన్నారు. తీసుకోవచ్చా? ఇంకా ఏమేం కొనాలి?
- ఒక తండ్రి, సీతాఫల్‌మండి

జవాబు: తీసుకోవచ్చు, కానీ డిస్కౌంటు ఒక్కటే చూసి తీసుకోకండి. ఈ కిట్‌లో వచ్చేవి చిన్న క్యాబినెట్, మదర్‌బోర్డు, 120 వాట్ల అడాప్టర్. ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, విండోస్ ఉండవు. అసలు ఖర్చంతా వాటిదే. కూలర్, వైఫై కార్డు పెట్టెలో ఉన్నాయో లేదో తెరిపించి చూడండి. కావలసినవన్నీ మానిటర్, కీబోర్డుతో సహా ఒక కాగితం మీద ఆ రోజు ధరలతో రాసి కూడండి. తర్వాత అదే ప్రాసెసర్‌తో మామూలు మైక్రో ఏటీఎక్స్ డెస్క్‌టాప్‌కి కూడా కొటేషన్ అడగండి. రెండింటికీ తేడా వెయ్యి, రెండు వేలే అయితే కిట్ వదిలేయమనే మా సలహా. మామూలు డెస్క్‌టాప్‌లో ఏ భాగం పోతే ఆ భాగం ఒక్కటే మార్చుకోవచ్చు. చిన్న కిట్‌లో బోర్డు పోతే ఆ క్యాబినెట్‌కి సరిపోయే బోర్డు దొరకడం కష్టం.

కొనాలనే నిర్ణయించుకుంటే ముందు ప్రాసెసర్ సంగతి. ఈ క్యాబినెట్‌లో గ్రాఫిక్స్ కార్డుకి చోటు లేదు. కాబట్టి గ్రాఫిక్స్ లోపలే ఉన్న ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ కావాలి, అంటే పేరు చివర జీ అక్షరం ఉన్నది: 3200జీ, 4600జీ, 5600జీ లాంటివి. కౌంటర్లో 5600 కాస్త తక్కువకి వస్తుందని ఇవ్వబోతే తీసుకోకండి, దానితో తెర మీద బొమ్మే రాదు. 65 వాట్లు దాటిన ప్రాసెసర్‌ని కూడా ఈ బోర్డు తీసుకోదు.

కూలర్ ఎత్తు 46 మిల్లీమీటర్లు మించకూడదు. ప్రాసెసర్ పెట్టెలో ఏఎండీ ఇచ్చే మామూలు కూలర్ సుమారు 54 మిల్లీమీటర్లు ఉంటుంది. అన్నీ బిగించాక బోర్డు ట్రే క్యాబినెట్‌లోకి పోకపోవడానికి ఎక్కువగా కారణం ఇదే. పొట్టి కూలర్ ధర కూడా లెక్కలో రాసుకోండి.

ర్యామ్ దగ్గర జాగ్రత్త. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కిట్ మీద మిగిలింది అక్కడే పోవచ్చు. ఈ బోర్డుకి కావలసింది డీడీఆర్4 ల్యాప్‌టాప్ ర్యామ్. మీ ఇంట్లోగానీ బంధువుల ఇంట్లోగానీ పాడైన ల్యాప్‌టాప్ ఉంటే ర్యామ్ మీది లేబుల్ చదవండి. పీసీ4 అని ఉంటే పనికొస్తుంది. పీసీ3 లేదా పీసీ3ఎల్ అని ఉంటే అది డీడీఆర్3, స్లాట్‌లో కూర్చోదు. 16 జీబీ ఒకే ముక్క కన్నా 8 జీబీవి రెండు మేలు. లోపలి గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి, రెండు ముక్కలుంటే రెండు దారుల్లో డేటా అందుతుంది. ఆటల్లో ఈ తేడా కళ్లకు కనిపిస్తుంది. వర్డ్‌లో, బ్రౌజర్‌లో పెద్దగా తెలియదు.

ఇక బయాస్, అంటే ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం. ఈ కిట్ 2020లో వచ్చింది, 5600జీ 2021లో వచ్చింది. పెట్టెలోనే ఏళ్ల తరబడి ఉన్న బోర్డులో పాత బయాసే ఉండొచ్చు, అది కొత్త ప్రాసెసర్‌ని గుర్తించకపోవచ్చు. అందుకే కిట్, ప్రాసెసర్, ర్యామ్ ఒకే షాపులో కొని, బయాస్ అప్‌డేట్ చేయించి, అక్కడే ఆన్ చేసి తెర మీద బయాస్ పేజీ చూశాకే డబ్బు కట్టండి. జీఎస్‌టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీకి అదే ఆధారం. ప్రాసెసర్ పెట్టె లేకుండా 'ట్రే' సరుకు ఇస్తే కూలర్ రాదు, వారంటీ కూడా షాపువాళ్ల మాట మీదే ఉంటుంది.

ఇంటికి తెచ్చాక దాన్ని కంప్యూటర్ టేబుల్ అరలో పెట్టి తలుపు వేయకండి. మన మే నెల ఎండకి గదే 38 డిగ్రీలుంటే, ఆ అరలో చిన్న ఫ్యాను ఎంత తిరిగినా లాభం లేదు.

ప్రశ్న: ఇంటెల్ హెచ్110 బోర్డున్న బేర్‌బోన్ తక్కువకి దొరికింది. సెకండ్ హ్యాండ్‌లో కోర్ ఐ3 8100 కొన్నాను. సాకెట్ రెండింటికీ ఎల్‌జీఏ 1151 అనే ఉంది, ప్రాసెసర్ చక్కగా కూర్చుంది. ఫ్యాను తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు. ప్రాసెసర్ పోయిందా?
- ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పోయి ఉండకపోవచ్చు. సాకెట్ పేరు, కొలత ఒకటే అయినా 8వ తరం నుంచి ఇంటెల్ కొన్ని పిన్నుల పని మార్చింది. వాటికి 300 సిరీస్ చిప్‌సెట్ (బోర్డు మీది ప్రధాన నియంత్రణ చిప్) కావాలి. హెచ్110 మీద 6, 7 తరాలే నడుస్తాయి: ఐ3 6100, ఐ5 6500, ఐ5 7500 లాంటివి. 7వ తరానికి బయాస్ అప్‌డేట్ కావలసి రావచ్చు కాబట్టి 6వ తరంది అడగండి. టెస్టింగ్ వారంటీ గడువు ముగియకముందే 8100ని తిరిగిచ్చి మార్చుకోండి. తీసేటప్పుడు సాకెట్‌లోని సన్న పిన్నులకు వేలు తగలనివ్వకండి. ఒక్క పిన్ను వంగినా బోర్డు పనికిరాకుండా పోవచ్చు.

ఇంకో మాట కూడా తెలిసి ఉండాలి. 6, 7 తరాలకు విండోస్ 11 అధికారికంగా లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఈ మెషీన్‌కి లినక్స్ మింట్ వేసుకోండి. బ్రౌజర్, లిబ్రే ఆఫీస్, వీడియోలు 8 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తాయి, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా అందులోనే ఉంటుంది. విండోస్‌లోనే నడిచే ట్యాలీ వంటిది తప్పనిసరి అయితే ఈ కిట్ మీకు సరైనది కాదు.

ప్రశ్న: ఆన్‌లైన్ సేల్‌లో క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), ఏ520 మదర్‌బోర్డు కలిపిన కిట్ కొన్నాను. ప్రాసెసర్, ర్యామ్ విడిగా కొని హాస్టల్లో నేనే బిగించాను. లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ మాత్రం 'నో సిగ్నల్' అంటోంది. ఎక్కడ వెతకాలి?
- ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: ఫ్యాను తిరిగినంత మాత్రాన ప్రాసెసర్‌కి కరెంటు అందుతున్నట్టు కాదు. పెద్ద 24 పిన్నుల కనెక్టర్ ఒక్కటి పెట్టినా ఫ్యాన్లు తిరుగుతాయి. ప్రాసెసర్‌కి విడిగా 8 లేదా 4 పిన్నుల కనెక్టర్ ఉంటుంది, బోర్డు పై అంచున ఎడమ మూలలో. మొదట అది చూడండి.

తర్వాత ర్యామ్. ఒక్క ముక్కే ఉంచండి. నాలుగు స్లాట్లున్న బోర్డయితే ప్రాసెసర్ నుంచి రెండోదాంట్లో, అంటే ఏ2లో, క్లిక్ శబ్దం వచ్చేదాకా గట్టిగా నొక్కండి. కొత్తవాళ్లు బోర్డు వంగుతుందని భయపడి సగమే నొక్కుతారు.

ఆపైన ప్రాసెసర్ పేరు. గ్రాఫిక్స్ లేని రకమైతే బోర్డు మీది హెచ్‌డీఎంఐలో బొమ్మ రాదు. ఏ520లో ఇంకో చిక్కుంది. 3200జీ, 3400జీ పేర్లలో 3000 ఉన్నా అవి పాత తరం డిజైను, ఏ520 చిప్‌సెట్‌కి ఏఎండీ వాటిని అధికారికంగా చేర్చలేదు. మీ బోర్డు కంపెనీ సైట్‌లో 'సీపీయూ సపోర్ట్ లిస్ట్' తెరిచి, మీ ప్రాసెసర్ పేరు ఉందా, దాని ఎదురుగా ఏ బయాస్ వెర్షన్ రాశారు అన్నది చూడండి. బోర్డు పెట్టె మీద స్టిక్కర్లో ఉన్న వెర్షన్ అంతకన్నా పాతదైతే కారణం దొరికినట్టే.

ఇవన్నీ సరిగ్గా ఉంటే బోర్డుని క్యాబినెట్ నుంచి బయటికి తీసి దాని అట్టపెట్టె మీద పెట్టండి. ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, రెండు పవర్ కనెక్టర్లు, మానిటర్ కేబుల్, అంతే. పవర్ స్విచ్ పిన్నులు రెంటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. బయట డిస్‌ప్లే వచ్చి లోపల రాకపోతే తప్పు బిగింపులో ఉంది. క్యాబినెట్‌లో బోర్డుకి రంధ్రం లేనిచోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డుని ఎత్తి పట్టే చిన్న మేకు లాంటిది) ఒకటి అదనంగా ఉండి బోర్డు వెనక తగులుతూ షార్ట్ చేస్తుంటుంది. దాన్ని విప్పేయండి. బయట కూడా రాకపోతే ప్లగ్గు తీసి, నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి ఉంచి మళ్లీ పెట్టండి.

ఏ దశలోనైనా కూలర్ తీయాల్సి వస్తే నిటారుగా లాగకండి. మీ బోర్డులో పెట్టే ఏఎం4 రకం ప్రాసెసర్‌కి పిన్నులు అడుగునే ఉంటాయి. రెండింటి మధ్య పూసే పేస్ట్ గట్టిపడితే ప్రాసెసర్ కూలర్‌కి అతుక్కుని సాకెట్ నుంచి ఊడి వచ్చి పిన్నులు వంగుతాయి. కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి, వదులైందని చేతికి తెలిశాక ఎత్తండి.

కిట్‌తో వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాల్లో 450 వాట్లని ఉన్నా, లేబుల్ మీద 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లుంటే ఈ కాలపు బోర్డుకి నిజంగా అందేది 12 ఇంటూ 16, అంటే 192 వాట్లే. 65 వాట్ల ప్రాసెసర్‌కి అది చాలు. గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఆలోచన ఉంటే మాత్రం 80 ప్లస్ ముద్ర (కరెంటు వృథా తక్కువని తెలిపే గుర్తు) ఉన్నది కొనండి. వెనక ఎర్ర స్విచ్ ఉంటే అది 230 మీద ఉందో లేదో ప్లగ్గు పెట్టకముందే చూడాలి. 115 మీద ఉండగా మన కరెంటు ఇస్తే ఎస్‌ఎంపీఎస్ పేలిపోతుంది.

ప్రశ్న: పాత ఇంట్లో అద్దెకుంటున్నాం. కొత్తగా అసెంబుల్ చేసిన కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి, ప్లగ్గు బోర్డులో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేస్తే సరిపోతుందన్నాడు. కలపమంటారా?
- ఒక గృహిణి, చిక్కడపల్లి

జవాబు: వద్దమ్మా, ఎట్టి పరిస్థితిలోనూ కలపనివ్వకండి. అలా కలిపాక ఎప్పుడైనా న్యూట్రల్ తీగ తెగిందంటే క్యాబినెట్ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. దాన్ని ముట్టుకున్నవాళ్ల ప్రాణానికే ముప్పు.

ఆ జిల్లుకి కారణం ఇది. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు క్యాబినెట్‌కి కలిపి ఉంటాయి. వాటి నుంచి వచ్చే కాస్త కరెంటు ఎర్త్‌లోకి పోవాలి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ మీద సుమారు 115 వోల్టులు నిలుస్తాయి. దాని నుంచి పారగలిగే కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమంటుందంతే. అలాగని వదిలేయకూడదు. లోపల నిజంగా ఫేజ్ తీగ తగిలిన రోజున కాపాడాల్సిందీ ఆ ఎర్తే. పైగా ఈ స్థితిలో హెచ్‌డీఎంఐ కేబుల్ తీసి పెడుతుంటే పోర్టులు కాలిపోతుంటాయి.

మల్టీమీటర్‌తో చూడమనండి. ఫేజ్, ఎర్త్ మధ్య దాదాపు 230, న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. ఫేజ్, ఎర్త్ మధ్య బాగా తక్కువగా, నిలకడ లేకుండా చూపిస్తే ఆ సాకెట్‌కి ఎర్త్ లేనట్టే. ముందు ఎక్స్‌టెన్షన్ బాక్స్ చూడండి, చాలాసార్లు దాని తీగలో రెండే పోగులుంటాయి. గోడ సాకెట్‌లోనే లేకపోతే ఇంటి యజమానితో మాట్లాడి ఎర్త్ పిట్ నుంచి తీగ లాగించాలి. అప్పటిదాకా ఆ కంప్యూటర్ వాడకండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకే విండోస్ కీ అమ్ముతున్నారు. కొత్త కిట్‌కి వాడొచ్చా?
- ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: వాడకండి. అంత తక్కువకి వచ్చే కీలు ఎక్కువగా ఏదో సంస్థకి ఇచ్చిన లైసెన్సుల నుంచి బయటికొచ్చినవి, ఏ రోజైనా రద్దు కావచ్చు. రిటైల్ లైసెన్స్ కొంటే రేపు బోర్డు మార్చినా దాన్ని వాడుకోవచ్చు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఓఈఎం (తయారీ కంపెనీ వేసిచ్చిన) లైసెన్స్ ఆ ల్యాప్‌టాప్‌కే.

ప్రశ్న: పాత డెస్క్‌టాప్‌లోని 1 టీబీ హార్డ్ డిస్క్‌ని చిన్న బేర్‌బోన్‌లో పెట్టుకోవచ్చా? ఎస్‌ఎస్‌డీ ఖర్చు మిగులుతుందని.
- ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: లోపల పట్టదు. డెస్క్‌టాప్ డిస్క్ 3.5 అంగుళాలది, దానికి 12 వోల్టులు కావాలి. చిన్న కిట్లలో 2.5 అంగుళాల చోటే ఉంటుంది. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ కేసులో పెట్టి ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి వాడండి. విండోస్‌కి మాత్రం కనీసం 256 జీబీ ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. ఎం.2 స్లాట్‌కి (సన్నని ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) కొనేటప్పుడు అది తీసుకునే రకం ఎన్‌వీఎంఈనా, సాటానా అన్నది బోర్డు మాన్యువల్‌లో చూడాలి, రెండూ ఒకేలా ఉంటాయి గానీ అన్ని స్లాట్లూ రెండింటినీ తీసుకోవు. పాత డిస్క్‌లో ఏమైనా దాచేముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో పరీక్షించండి. 'కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్' ఎదురుగా 'రా వాల్యూస్' గడిలో సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా, ఆ డిస్క్‌లో ఒక్క ఫొటో కూడా పెట్టకండి.