రేడియేషన్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

డ్రాఫ్ట్ చదివా. భాష బాగుంది, ఆగకుండా చదివిస్తుంది, కానీ పండ్లూ కూరగాయలూ తింటే రేడియేషన్ ఏమీ చెయ్యదని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, నాకు అక్కడే బ్రేక్ పడింది.

ముందు లోపల ఏం జరుగుతుందో నిదానంగా చెప్పు. ఎక్స్‌రే గానీ గామా గానీ కణంలోకి దూరితే ఎక్కువగా తగిలేది నీటికే, కణంలో ఉండేది చాలావరకు నీరే కదా, ఆ నీటి అణువు విరిగి హైడ్రాక్సిల్ రాడికల్ అనే, పక్కన ఏది దొరికితే దాన్ని దెబ్బకొట్టే ముక్క పుడుతుంది, డీఎన్ఏకి జరిగే డ్యామేజ్‌లో దాదాపు మూడింట రెండు వంతులు దాని పనే. మిగతాది కిరణం నేరుగా డీఎన్ఏనే కొట్టడం, ఆ దెబ్బకి ఏ విటమినూ అడ్డం పడలేదు. పైగా ఈ రాడికల్ బతికేది ఓ నానోసెకను, అంటే సెకనులో 100 కోట్లో వంతు, ఆలోపు అది కొన్ని నానోమీటర్లు కూడా దాటదు. అంటే కిరణం పడే క్షణానికే యాంటీ ఆక్సిడెంట్ (పండ్లలో, కూరగాయల్లో ఉండే, ఇలాంటి రాడికల్‌ని అడ్డుకునే పదార్థం) అక్కడ, డీఎన్ఏ పక్కనే, సరిపడా ఉండాలన్నమాట. 1949లో హార్వీ ప్యాట్ బృందం ఎలుకలకి సిస్టీన్ అనే, రాడికల్‌ని అడ్డుకునే అమైనో ఆమ్లం ఇచ్చి చూసింది, ఎక్స్‌రేకి ముందు ఇస్తే కాపాడింది, తర్వాత ఇస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. ఈ ఒక్క ప్రయోగం వివరంగా రాస్తే సగం విషయం అర్థమైపోతుంది, నువ్వేమో దీన్ని వదిలేసి విటమిన్ల పట్టిక పెట్టావు, అదెవరికి కావాలి?

ల్యాబ్‌లో కణాల మీద పోసే మోతాదు వేరు, తిన్నది పేగు, లివర్ దాటుకుని కణం దాకా చేరేది వేరు. ఏ వాక్యం ల్యాబ్‌దో, ఏది ఎలుకలదో, ఏది మనుషులదో అక్కడికక్కడే చెప్పెయ్.

అసలు నన్ను భయపెట్టింది యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వేసుకోమన్న నీ చివరి పేరా. చదివేవాళ్ళలో రేడియోథెరపీలో ఉన్నవాళ్ళు కూడా ఉంటారు కదా, అక్కడ రేడియేషన్ చెయ్యాల్సిందే క్యాన్సర్ కణాన్ని చంపడం, మరి నువ్వు చెప్పిన మాత్ర ఆ కణాన్నీ కాపాడితే? కెనడాలో తల, మెడ క్యాన్సర్ పేషెంట్లకి విటమిన్ ఇ, బీటా కెరోటిన్ ఇచ్చి చూసిన ట్రయల్ 2005లో వచ్చింది, తీవ్రమైన సైడ్ ఎఫెక్ట్స్ తగ్గాయి గానీ క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువయ్యే సూచన కనిపించింది. దీన్ని రెండు వైపులా రాయి, సగం కోసి వాడొద్దు. డాక్టర్ని అడక్కుండా సప్లిమెంట్లు మొదలెట్టొద్దనే మాట కూడా ఆ పేరాలోనే పెట్టు, అడుగున చిన్న అక్షరాల్లో కాదు.

హెడ్డింగ్ మార్చి మళ్ళీ పంపు, చూస్తా.