నీ ఫెర్న్ దాహంతో ఎండటం లేదు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

రోజూ నీళ్లు పోస్తున్నా నీ బోస్టన్ ఫెర్న్ ఆకుల కొసలు మాడిపోతున్నాయని రాశావు. మట్టి తడిగానే ఉందన్నావు కనుక కొసలు మాడేది నీళ్లు చాలక కాదు, గదిలోని పొడిగాలి వల్ల. విశాఖపట్నంలో మా వరండాలో ఏ శ్రద్ధా అక్కరలేకుండా గుబురుగా పెరిగిన మొక్కను హైదరాబాదుకు తెచ్చుకొని, ఏప్రిల్ ఎండల్లో ఏసీ గదిలో పెట్టి, వాడిందని మరిన్ని నీళ్లు పోసి, వేర్లు కుళ్లబెట్టి చంపుకున్నదాన్ని నేను.

ముందుగా కుండీని ఏసీ గాలి తగలని చోటికి, వెలుతురు ఉండి ఎండ నేరుగా పడని ఉత్తరపు కిటికీ దగ్గరికి మార్చు. పైమట్టి వేలికి కాస్త పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయాలి. బోరు నీళ్లలోని ఉప్పు కూడా కొసలను మాడుస్తుంది. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే మేలు.

మండు వేసవికి నాకు కుదిరిన ఉపాయం, చెమ్మను లోపలే పట్టి ఉంచే మూత ఉన్న గాజు సీసా. లండన్‌లో వార్డ్ అనే వైద్యుడు 1829లో చిమ్మటగా మారబోయే ప్యూపా దశలోని పురుగును ఒకదాన్ని తడిమట్టితో సహా మూత పెట్టిన సీసాలో ఉంచితే, ఆ మట్టిలోంచి ఫెర్న్ మొలిచింది. పొగ నిండిన ఆ ఊళ్లో ఆయన తోటలో బతకని ఫెర్న్ సీసాలో నీళ్లు పోయకుండానే సుమారు నాలుగేళ్లు బతికి, చివరకు మూత తుప్పుపట్టి వాన నీళ్లు చొరబడటంతో చచ్చిపోయింది. అంటే దాన్ని కూడా చంపినవి నీళ్లే.

నీ మొక్క నుంచి సాగిన సన్నని కాడలకు మొలిచిన పిలకను ఒకదాన్ని వేరుతో సహా తీసి, వెడల్పు మూతి సీసాలో అడుగున రెండు వేళ్ల మందం గులకరాళ్లు, వాటిపై గుప్పెడు కట్టెబొగ్గు ముక్కలు, ఆపైన కొబ్బరి పొట్టు కలిపిన మట్టి వేసి నాటి, మూత పెట్టు. పొద్దున గాజుకు పట్టిన చెమ్మ మధ్యాహ్నానికి విడిపోతే తడి సరిపోయినట్టు. రోజంతా ధారలు కడుతుంటే మూత ఒక పూట తీసిపెట్టు. సీసా మీద ఎండ పడనిచ్చావంటే లోపలి మొక్క ఉడికిపోతుంది. ఆకులు మూతకు తగిలే వేళకు తొలకరి చూసుకొని కుండీలోకి మార్చు. ఇది సీసాలో కలకాలం ఇమిడే జాతి కాదు.

ఆకుల అడుగున గోధుమరంగు చుక్కలు వరుసగా కనిపిస్తే పురుగనుకొని మందు కొట్టకు, అవి ఫెర్న్‌కు విత్తనాల్లాంటి సిద్ధబీజాల గుంపులు. నేనొకసారి సబ్బు నీళ్లతో ఒక్కొక్క ఆకూ తుడుస్తూ కూర్చున్నాను, నవ్వకు.

మాడిన కొసలు మళ్లీ పచ్చబడవు కనుక బాగా ఎండిన ఆకులను మొదలంటా కత్తిరించి, మధ్యలో చుట్టచుట్టుకొని లేచే కొత్త చివుళ్లను గమనించు. అవి కొస మాడకుండా విచ్చుకున్నాయంటే మొక్కకు ఆ చోటు కుదిరినట్టే.

ఇట్లు,
మీ పెద్దమ్మ