తోచిందంతా అంతర్వాణి కాదు

ప్రశ్న: రెండు నెలలుగా ధ్యానం చేస్తున్నానండీ. మధ్యలో "ఈ సంబంధం వద్దు", "ఆ ఉద్యోగం మానెయ్" అని తోస్తోంది. అది అంతర్వాణా, నా భయమా?

జవాబు: తోచిన మాటను ఆ రోజే నమ్మకండి. యోగసూత్రాల మూడో అధ్యాయమైన విభూతిపాదంలో పతంజలి ఇలాంటి స్ఫురణను ప్రాతిభం అన్నాడు. అదే పాదంలో ఇలాంటివి సమాధికి, అంటే మనసు పూర్తిగా నిలిచే స్థితికి, అడ్డంకులనీ హెచ్చరించాడు.

ప్రశ్నను మనసులో పెట్టుకుని కూర్చోవడమే మొదటి పొరపాటు. మనసు తనకు కావలసిన జవాబే తెచ్చిపెడుతుంది. పొద్దున్నే, పరగడుపున 20 నిమిషాలు కూర్చోండి. ముక్కు దగ్గర ఊపిరి తాకే చోటునే గమనించండి, బిగపట్టొద్దు, లెక్కపెట్టొద్దు. విపశ్యన అనే బౌద్ధ ధ్యాన పద్ధతి నేర్పే పది రోజుల శిబిరాల్లో మొదటి మూడు రోజులూ ప్రధానంగా ఈ సాధనే. చివరి 5 నిమిషాలు గొంతు, ఛాతీ, పొట్ట ఎలా ఉన్నాయో చూడండి.

భయం తొందరపెడుతుంది, వాదిస్తుంది, పొట్ట బిగిస్తుంది. స్ఫురణ సాధారణంగా మెల్లగా వచ్చి ఊరుకుంటుంది. లేవగానే నోటుబుక్కులో తేదీ, తోచిన మాట, ఒంటి తీరు, రాత్రి నిద్రపోయిన గంటలు రాయండి. నెల దాకా పేజీ వెనక్కి తిప్పకండి. అప్పుడు నిజమైనవాటితో పాటు తప్పినవీ లెక్కేయండి. తప్పినవాటిని మరిచిపోవడం మనసుకు మహా అలవాటు! పెళ్లి, వైద్యం, డబ్బు విషయాలు మాత్రం ఈ ఒక్క ఆధారంతో తేల్చకండి.

ప్రశ్న: కూర్చోగానే కునుకు వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: నిద్ర చాలకపోవడమో, తిన్న వెంటనే కూర్చోవడమో కారణం కావచ్చు. కళ్లు సగం తెరవండి. అయినా ఆగకపోతే 10 నిమిషాలు నడుస్తూ పాదం నేలను తాకడం గమనించండి. నిద్రే పట్టకుండా, చెవిలో మాటలు వినిపిస్తుంటే మాత్రం ధ్యానం ఆపి మానసిక వైద్యుణ్ని కలవండి.