మృచ్ఛకటికం వేయబోతున్న శారదకు

చిరంజీవి శారదకు పెదనాన్న ఆశీస్సులు.

కాలేజీ పిల్లలతో శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికం వేయిస్తున్నానని రాశావు. ఉన్నవి 10 అంకాలు, నీకిచ్చింది రెండు గంటలు. ఏవి తీసెయ్యాలి పెదనాన్నా అని అడిగావు.

నాలుగో అంకంలో బీద నాయకుడు చారుదత్తుడి స్నేహితుడు మైత్రేయుడు, వేశ్య అయిన వసంతసేన ఇంటి ఎనిమిది వాకిళ్లు దాటుతూ చేసే వర్ణన నిర్మొహమాటంగా తీసెయ్యి. చదువుకోవడానికి పసందుగా ఉంటుంది గానీ రంగస్థలం మీద మూడో వాకిలి దగ్గరే జనం వాచీలు చూసుకుంటారు. ఐదో అంకంలో వాన శ్లోకాలు రెండు చాలు. గొల్లవాడు ఆర్యకుడు రాజు మీద చేసే తిరుగుబాటును కుదించు, పూర్తిగా మాత్రం ఎత్తెయ్యకు. అది లేకపోతే చివర్లో రాజు మారడం ఆకాశం నుంచి ఊడిపడినట్టుంటుంది.

నగల జోలికి మాత్రం వెళ్లకు. చారుదత్తుడు, వసంతసేన ఎదురుపడి మాట్లాడుకునేది తక్కువ. వాళ్ల ప్రేమ నగల రాకపోకల్లోనే నడుస్తుంది. ఆమె తన నగలు అతని ఇంట్లో దాచమని ఇచ్చేది మళ్లీ ఆ గడప తొక్కడానికి ఒక సాకు కావాలని. వాటిని శర్విలకుడు గోడకు కన్నం వేసి ఎత్తుకుపోతాడు. నిజానికి నిద్రలో కలవరిస్తూ ఆ మూటను దొంగ చేతిలో పెట్టేది మైత్రేయుడే. ఇక్కడ బాగా నవ్వించు, ఆ తర్వాత నవ్వే తీరిక దొరకదు. పోయిన నగలకు బదులుగా చారుదత్తుడి భార్య ధూత పుట్టింటివారిచ్చిన రత్నహారం తీసి ఇస్తుంది. భర్త చేతికి ఇస్తే అతని అభిమానం దెబ్బతింటుందని, వ్రతం పేరు చెప్పి మైత్రేయుడికి దానం చేస్తుంది.

ముప్పై ఏళ్ల కిందట ఒక పోటీలో సమయం చాలక ధూత పాత్రనే తీసేశాను. నాటకం అయ్యాక ముందు వరసలోని ఒక పెద్దావిడ లోపలికి వచ్చి, "బాబూ, ఆయన అంత బీదవాడన్నారు, మరి ఆ హారం ఎక్కడిది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. బహుమతి రాలేదన్న బాధ ఎప్పుడో పోయింది, ఆ ప్రశ్న మాత్రం పోలేదు.

మొదటి అంకంలో దీపం సంగతి గుర్తుపెట్టుకో. రాజు బావమరిది శకారుడి నుంచి తప్పించుకుని చారుదత్తుడి గుమ్మానికి వచ్చిన వసంతసేన చెంగుతో దీపం ఆర్పి లోపలికి జారుకుంటుంది. ఆమెను ఇంటికి సాగనంపేటప్పుడు దివిటీలు వెలిగిద్దామంటే ఇంట్లో నూనె ఉండదు. మన దివిటీలు బీద విటుణ్ణి చిన్నచూపు చూసే వేశ్యల్లాగా 'నిఃస్నేహం' అయిపోయాయి అంటాడు మైత్రేయుడు. స్నేహం అంటే నూనె కూడాననే సంగతి నేటి ప్రేక్షకుడికి వెంటనే తట్టదు, కాబట్టి మైత్రేయుడి చేత ముందుగా ఖాళీ నూనెగిన్నె తిరగేయించు. ఆ మాట వసంతసేన చెవిన పడకుండా అనాలి. అప్పుడు చంద్రోదయం అవుతుంది, ఆ వెన్నెల్లోనే నడిచి వెళతారు. నీ లైట్ల కుర్రవాడికి మొత్తం నాటకంలో ఉన్న పెద్ద పని అదే.

శకారుడి వేషం మంచి నటుడికి ఇవ్వు. కేవలం నవ్వించేవాడికి ఇస్తే మొదటి అంకం గట్టెక్కుతుంది, ఎనిమిదో అంకం మునిగిపోతుంది. రాముడికి భయపడిన ద్రౌపదిలా పరుగెత్తుతున్నావేమని వసంతసేనను అడిగేవాడూ, పూలవాసన వినిపిస్తోంది గానీ ముక్కునిండా చీకటి ఉండి నగల చప్పుడు కనబడటం లేదనేవాడూ అతనే. ఉద్యానవనంలో ఆమె గొంతు నులిమేవాడూ అతనే. రెండు చోట్లా ఒకే గొంతుతో పలకమని చెప్పు. గొంతు మారిస్తే మామూలు ప్రతినాయకుడవుతాడు.

ఇక ఆరో అంకం. పొరుగింటి పిల్లవాడి బంగారు బండితో ఆడుకున్న చారుదత్తుడి కొడుకు రోహసేనుడికి దాసి రదనిక మట్టిబండి చేసి ఇస్తుంది. వాడు ఆ బంగారు బండే కావాలని ఏడుస్తుంటాడు. వసంతసేనను చూపించి ఈమె మీ అమ్మ అంటుంది రదనిక. అబద్ధం, మా అమ్మయితే ఇన్ని నగలెందుకు ఉంటాయి అంటాడు వాడు. ఆమె ఏడుస్తూ నగలన్నీ తీసి, ఇప్పుడు మీ అమ్మనయ్యాను, వీటితో బంగారు బండి చేయించుకో అంటుంది. నువ్వు ఏడుస్తున్నావు, నేను తీసుకోను అంటాడు. ఇక్కడ సంగీతం వద్దు. నగలు మట్టిబండిలో పడే చప్పుడు ఒక్కటే వినబడాలి. తొమ్మిదో అంకంలో, న్యాయస్థానంలో మైత్రేయుడి చంకలోంచి ఈ నగలే జారిపడి చారుదత్తుడి మీద వసంతసేన హత్యానేరాన్ని ఖాయం చేసేటప్పుడు జనం గుర్తుపట్టవలసింది ఈ చప్పుడునే. కనుక ప్లాస్టిక్ నగలు కొనకు, ఇత్తడివి అద్దెకు తెచ్చుకో.

రోహసేనుడికి నిక్కరు తొడిగిన డిగ్రీ కుర్రవాణ్ణి పెట్టొద్దు, మీ వీధిలో ఐదారేళ్ల పిల్లవాడెవరైనా ఉంటాడు. బండి మాత్రం థర్మకోల్‌తో కాదు, కుమ్మరి దగ్గర చేయించు. మూడు చేయించు. రెండు రిహార్సల్లోనే పగులుతాయి.

మీ పెదనాన్న