సమ్మె చేసిన రోజులు వేరు, బడికెళ్లిన రోజులు వేరు

సందేహం: మాది నల్లగొండ. పక్క జిల్లాలో ఒక కస్తూర్బా బాలికా విద్యాలయంలో తొమ్మిదేళ్లుగా సీఆర్‌టీగా, అంటే కాంట్రాక్టు టీచర్‌గా, లెక్కలు చెప్తున్నాను. ఒప్పందం ప్రకారం నెల జీతం 26 వేలు. మమ్మల్ని రెగ్యులర్ చేయాలని, అప్పటిదాకా పే స్కేల్ ఇవ్వాలని మా సంఘం 26 రోజులు సమ్మె చేసింది. బాబుకు జ్వరమొచ్చినా అమ్మ దగ్గర వదిలేసి, చలిలో టెంటు కింద కూర్చున్నాను. పదో తరగతి పిల్లలు ఫోన్ చేసి ఏడుస్తుంటే మనసాగక 15వ రోజున బడికి వెళ్లిపోయాను. సమ్మె ముగిశాక అందరితో పాటు సంతకాలు పెడుదువుగానీ, ఇప్పుడు వద్దు అన్నారు బడి బాధ్యతలు చూసే స్పెషల్ ఆఫీసర్ (ఎస్ఓ) మేడం. చివరికి 26 రోజుల జీతమూ కోశారు. అటు సంఘం వాళ్లు ద్రోహి అన్నారు, ఇటు ఆఫీసు వాళ్లు సమ్మె లిస్టులో రాశారు. రెండేళ్ల నాలుగు నెలలుగా ఏడు వినతిపత్రాలు ఇచ్చాను. పాత రిజిస్టర్‌లో ఆ గడులు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి సంతకాలు పెట్టుకోండి అంటున్నారు అకౌంటెంట్. బదిలీ అయిన ఎస్ఓ కూడా పాత తేదీతో జాయినింగ్ లెటర్ తీసుకుంటానంటున్నారు. సమ్మె మా హక్కు కాదా? నాకు న్యాయం జరుగుతుందా?

సలహా: అమ్మా, మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒక్కటే: 15వ రోజున బడికి వెళ్లాను అన్నది. టెంటు, చలి, బాబు జ్వరం, సంఘం వాళ్ల మాటలు, ఇవేవీ కోర్టు ముందు పనికి రావు. వాటిని పిటిషన్‌లో రాయించకండి కూడా.

ముందు హక్కు సంగతి. శాంతియుతంగా ధర్నా చేసే స్వేచ్ఛ ప్రభుత్వ ఉద్యోగికి ఉందని సుప్రీంకోర్టు 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో చెప్పింది. సమ్మె చేసే హక్కు ప్రాథమిక హక్కు కాదనీ అదే తీర్పు చెప్పింది. 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులో, అంటే రంగరాజన్ కేసులో, మరింత గట్టిగా అంది. ఈ తీర్పుతో నాకు పూర్తి ఏకీభావం లేదు. కానీ నా అభిప్రాయంతో మీ జీతం రాదు. పని చేయని రోజులకు జీతం కోయొచ్చని 1990లో బ్యాంక్ ఆఫ్ ఇండియా కేసులో తేలిపోయింది. సమ్మె రోజులకు జీతం రావాలన్నా, వాటిని సర్వీసుగా లెక్కించాలన్నా ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాల్సిందే. 2011 సకల జనుల సమ్మెలో 42 రోజులకూ ఉత్తర్వులే కావాల్సి వచ్చాయి. మీ సమ్మెకు అలాంటి ఉత్తర్వు ఉంటే దాని నకలు తెచ్చుకోండి. లేకపోతే మొదటి 14 రోజులు వదిలేయండి.

మిగిలినవి 12 రోజులు. 26 వేలకు లెక్కగడితే 10,400 రూపాయలు. ఈ డబ్బు మీది. పని లేకపోతే జీతం లేదన్న సూత్రం పని చేసిన రోజులకు వర్తించదు. అందరినీ ఒకే లిస్టులో రాసి కోయడం ఆఫీసు తప్పు. అయితే ఆ 12 రోజులు మీరు బడిలో ఉన్నారని చూపించాల్సింది మీరే.

ఇక్కడే మీమీద నాకు కోపం వస్తోంది. తొమ్మిదేళ్ల సర్వీసున్న టీచర్, సంతకం పెట్టొద్దంటే ఎలా ఊరుకున్నారు? వద్దన్న ఆ సాయంత్రమే ‘ఈ రోజు డ్యూటీకి హాజరయ్యాను, రిజిస్టర్ ఇవ్వలేదు’ అని నాలుగు ముక్కలు రాసి జిల్లా కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాల్సింది. ఆ రసీదు ఒక్కటి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరమే వచ్చేది కాదు. పిల్లలకు స్టెప్పు రాయకపోతే మార్కు కోస్తారు కదా!

అయినా దారి మూసుకుపోలేదు. మీ బడి రెసిడెన్షియల్, అక్కడ టీచర్ సంతకం ఒక్క రిజిస్టర్‌లోనే ఉండదు. ఆ 12 రోజుల్లో మీకు నైట్ డ్యూటీ పడిందా? ఆ రిజిస్టర్ వేరు. మీరు క్లాస్ టీచరైతే పిల్లల హాజరు పట్టీ మీ చేతిరాతతోనే ఉంటుంది, అంతకంటే మంచి రుజువు దొరకదు. మీరు దిద్దిన స్లిప్ టెస్టు పేపర్లు, మార్కుల రిజిస్టర్, స్టడీ అవర్ ఫొటోలు పెట్టిన బడి వాట్సాప్ గ్రూపు, అన్నీ వెతకండి. ఆ ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి. వాట్సాప్ మెసేజ్‌లు కోర్టుకు ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి, అది మీ వకీలు చూసుకుంటారు. సమ్మె రోజుల్లో మీ బడికి సర్కారు టీచర్లు ఎవరైనా డెప్యుటేషన్ మీద వచ్చారేమో గుర్తు చేసుకోండి. వాళ్లకు మీ సంఘంతో సంబంధం లేదు, మీ జీతంతో లాభం లేదు. అలాంటి సాక్షి మాటకు విలువ ఎక్కువ.

ఇక అకౌంటెంట్ చెప్పిన దారి. ఆ రిజిస్టర్ ముట్టుకోకండి. మీరు నిజంగా ఆ రోజుల్లో పాఠం చెప్పినా సరే, ఈరోజు కూర్చుని రెండేళ్ల కిందటి గడిలో సంతకం పెడితే అది దొంగ సంతకమే. సమ్మె జరిగిన ప్రతి రోజూ ఏ బడిలో ఎంతమంది వచ్చారని పైకి రిపోర్టు వెళ్లే ఉంటుంది. డెప్యుటేషన్ టీచర్లు అదే పేజీని ఫొటో తీసి పెట్టుకున్నా ఆశ్చర్యం లేదు. రెండూ పక్కపక్కన పెడితే మీ పని అయిపోతుంది. ప్రభుత్వ రిజిస్టర్‌ను దిద్దడం భారతీయ న్యాయ సంహిత 337వ సెక్షన్ కిందికి పోతే ఏడేళ్ల దాకా జైలు. పాత తేదీ జాయినింగ్ లెటర్‌ను కోర్టులో వేస్తే, దొంగ పత్రాన్ని వాడినందుకు మరో కేసు. ఏటేటా రెన్యువల్ అయ్యే ఉద్యోగం మీది, ఎఫ్ఐఆర్ అయితే వచ్చే ఏడు ఆర్డరు చేతికి రాదు. పదివేల నాలుగొందల కోసమా ఇదంతా? ఎస్ఓ మేడంకు నిజంగా సాయం చేయాలని ఉంటే, ఈరోజు తేదీ వేసి, ‘ఫలానా రోజుల్లో ఈమె బడికి వచ్చారు, నేనే సంతకం వద్దన్నాను’ అని రాసివ్వమనండి. అది నిజం, దానికి భయపడాల్సింది లేదు. అలా రాసివ్వడానికి ఆమె వెనకాడితే, ఆమె మాటను ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది.

గడువు గురించి కూడా మీరు పొరపడుతున్నట్టున్నారు. వినతిపత్రం ఇచ్చినంత మాత్రాన గడువు పెరగదు. ఒకటిచ్చినా ఏడిచ్చినా అంతే, సి. జాకబ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. జీతం బాకీకి దావా వేయడానికి, ఆ జీతం రావాల్సిన రోజు నుంచి మూడేళ్లే గడువు. మీకు మిగిలింది ఎనిమిది నెలలు, అదీ మీరు నెలలు సరిగ్గా లెక్కపెట్టి ఉంటే. ఇంకో వినతిపత్రం కోసం ఒక్క రోజు కూడా ఖర్చు పెట్టకండి.

ఈ వారమే సమాచార హక్కు కింద దరఖాస్తు వేయండి. ఫీజు పది రూపాయలు. ఆ నెలల టీచర్ల హాజరు, నైట్ డ్యూటీ, పిల్లల హాజరు రిజిస్టర్లు, డెప్యుటేషన్ ఉత్తర్వులు, సమ్మె రోజువారీ రిపోర్టులు, మీ జీతం కోసిన బిల్లు, అన్నిటికీ సర్టిఫైడ్ కాపీలు అడగండి. ఖాళీ గడులున్న పేజీ కూడా అడగండి, అది ఖాళీగా ఉందని మీరే ముందు చెప్పడం మంచిది. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయాలి, దానికీ 30 రోజులే గడువు.

లేబర్ కోర్టుకు పొమ్మని ఎవరైనా అంటే వినకండి. చట్టం దృష్టిలో టీచర్ ‘వర్క్‌మన్’, అంటే ఆ కోర్టుకు వెళ్లగల కార్మికుడు, కాదని 1988లోనే సుందరాంబాళ్ కేసులో తేలింది. ప్రభుత్వ ఉద్యోగుల కేసులు చూసే అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ కూడా తెలంగాణలో 2016 నుంచి లేదు. కాగితాలు స్పష్టంగా ఉంటే హైకోర్టులో రిట్ వేయొచ్చు. బడికి వచ్చారా రాలేదా అన్న దగ్గరే తగువుంటే మాత్రం రిట్‌లో సాక్షుల్ని విచారించరు, సివిల్ కోర్టులో దావాయే దారి. దానికి ముందు ప్రభుత్వానికి రెండు నెలల నోటీసు ఇవ్వాలి. అందుకే ఎనిమిది నెలలు ఎక్కువేం కాదంటున్నాను. వకీలు ఫీజుకు టెన్షన్ పడకండి. ఆదాయం ఎంతన్నది చూడకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది, నల్లగొండ కోర్టులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పాలి, నన్ను ఎక్కువ బాధ పెడుతున్నది ఇదే. హైస్కూలు తరగతులకు లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంట్‌కు 2020 పీఆర్సీలో, అంటే వేతన సవరణలో, కనీస స్కేలు 42,300. మీకు 26 వేలు. అదే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి స్కేలులో కనీస జీతం ఇవ్వాలని 2016లో పంజాబ్ వర్సెస్ జగ్‌జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నెలకు 16,300 తేడా. ఈ నష్టం నెలనెలా కొత్తగా జరుగుతుంది కాబట్టి కేసు ఇప్పుడు కూడా వేయొచ్చు. కానీ 2008 తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం సాధారణంగా వెనక్కి మూడేళ్ల బకాయే ఇస్తారు. మీరు ఆలస్యం చేసిన ప్రతి నెలకూ ఒక నెల బకాయి పోతుంది. అలాగని తేలిగ్గా వచ్చేదనుకోవద్దు. మీ అర్హత, మీ ఎంపిక జరిగిన తీరు, మీ బాధ్యతలు రెగ్యులర్ టీచర్‌తో సమానమని చూపాలి. బీఈడీ, టెట్ సర్టిఫికెట్లు, ఎంపిక నోటిఫికేషన్, తొమ్మిదేళ్ల రెన్యువల్ ఆర్డర్లు, టైమ్ టేబుళ్లు తీసి పెట్టండి. దీన్ని 12 రోజుల జీతంతో కలిపి ఒకే పిటిషన్‌లో వేయకండి, రెండింటి రుజువులు వేరు. మిమ్మల్ని ద్రోహి అన్న తోటి టీచర్లతో కలిసి వేసినా తప్పు లేదు.