పాత టేకాల్ మోటారును మోడల్ పడవలో వాడొచ్చా? రివర్స్ ఎందుకు తిరగదు?

వాడొచ్చు. ప్లస్, మైనస్ వైర్లు మార్చినా మోటారు అదే వైపు తిరుగుతోందని అడిగారు కదా, అది పాడవలేదు. టేకాల్ లాంటి పాత బ్రిటిష్ మోటార్లలో శాశ్వత అయస్కాంతం ఉండదు, దాని స్థానంలో ఫీల్డ్ కాయిల్ (కరెంటు పారితే అయస్కాంతంగా మారే తీగ చుట్ట) ఉంటుంది. వైర్లు మార్చితే కాయిల్‌లోనూ ఆర్మేచర్‌లోనూ (మోటారులో తిరిగే భాగం) కరెంటు ఒకేసారి తిరగబడుతుంది, కాబట్టి దిశ మారదు. రెండింటి వైర్లనూ విడదీసి, ఫీల్డ్ కాయిల్‌కు బ్రిడ్జ్ రెక్టిఫైయర్ (కరెంటు ఎటు నుంచి వచ్చినా ఒకే దిశలో పంపే డయోడ్ల భాగం) ద్వారా కరెంటు ఇవ్వండి. అప్పుడు కాయిల్ ధ్రువాలు స్థిరంగా ఉంటాయి, మామూలు బ్రష్డ్ స్పీడ్ కంట్రోలర్‌తోనే (బ్రష్‌లున్న మోటారు వేగాన్ని, దిశను మార్చే పరికరం) ముందుకూ వెనక్కూ నడుస్తుంది.

కొన్న వెంటనే పూర్తి వోల్టేజీ పెట్టకండి. ముందు షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూడండి. కమ్యుటేటర్‌ను (షాఫ్ట్ మీద బ్రష్‌లు తగిలే రాగి భాగం) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బేరింగ్‌లకు ఒక్క చుక్క పల్చటి నూనె వేయండి. నూనె కమ్యుటేటర్ మీద పడకూడదు. తర్వాత తక్కువ వోల్టేజీతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ప్రొపెల్లర్ బిగించి నీళ్లలో ఎంత కరెంటు లాగుతోందో కొలిచాకే ఫ్యూజు ఎంచుకోండి.

బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు రేడియోకు అడ్డు తగులుతాయి, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు తప్పనిసరి.

అల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన లోహం) శాశ్వత అయస్కాంతం ఉన్న వేరే పాత మోటారు దొరికితే మాత్రం సరదాకి కూడా ఆర్మేచర్ బయటికి లాగకండి. అయస్కాంత శక్తి కొంత పోతుంది, తిరిగి బిగించినా మునుపటి బలం రాదు.

వేగం కావాలంటే ఈ పాత మోటార్లు వద్దు. నింపాదిగా సాగే టగ్ బోటుకు బాగా నప్పుతాయి.